స్టీరింగ్ మార్పించే ముందు ఆ ఆరు రంధ్రాలు కొలవండి

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ లాంటి స్పీడ్ కార్లకు బయట దొరికే స్టీరింగ్ వేయించుకోవాలని చూస్తున్నవాళ్లు ముందు ఇది చదవండి. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

నాది 2017 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, హైదరాబాద్‌లోనే తిప్పుతాను. మూడు నెలల కిందట ఒక యాక్సెసరీస్ షాపులో 350 మిల్లీమీటర్ల స్టీరింగ్ చూపించారు, మధ్యలో నార్డి అని ఇటలీ కంపెనీ పేరు ఉంది, 5,500 అన్నారు. అసలైన ఇటలీ సరుకు ఆ ధరకు రాదని తెలిసి కూడా పట్టు బాగుందని తీసేసుకున్నాను.

స్టీరింగ్‌ను బండికి కలిపేది బాస్ కిట్. దాని మీద గుండ్రంగా ఆరు బోల్టులు ఉంటాయి. మోమో, స్పార్కో, ఓఎంపీ కంపెనీల స్టీరింగ్‌లకు ఎదురెదురు బోల్టుల మధ్య దూరం 70 మిల్లీమీటర్లు, నార్డికి 74. నాకు అమ్మిన స్టీరింగ్ 74, వాళ్ల దగ్గరున్న బాస్ కిట్ 70. ఆ మాట నాకు చెప్పకుండా షాపు లోపలే స్టీరింగ్ రంధ్రాలను ఒక్కోటి 2 మిల్లీమీటర్లు లోపలికి డ్రిల్‌తో సాగదీసి బిగించేశారు.

రెండు నెలలు బాగానే ఉంది. తర్వాత మలుపుల్లో టక్కు టక్కుమని శబ్దం మొదలైంది, ఒకరోజు మా వీధి మలుపులోనే స్టీరింగ్ కొంచెం తిరిగింది కానీ టైర్లు కదల్లేదు. గుండె ఆగినంత పనైంది, ముందు రోజే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని వచ్చాను. వేరే మెకానిక్‌తో విప్పిస్తే రెండు బోల్టులు వదులైపోయి ఉన్నాయి, సాగదీసిన ఒక రంధ్రం దగ్గర పల్చటి రేకుకు చీలిక.

అంతకంటే భయపెట్టింది ఎయిర్‌బ్యాగ్ సంగతి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కంపెనీ స్టీరింగ్ మధ్యలోనే ఉంటుంది కాబట్టి స్టీరింగ్ మారిస్తే అదీ పోతుంది, అది నాకు తెలిసే చేశాను. కానీ డాష్‌బోర్డులో హెచ్చరిక లైటు వెలగకుండా ఎయిర్‌బ్యాగ్ వైర్లకు రెసిస్టర్ అనే చిన్న ఎలక్ట్రికల్ ముక్క తగిలించారు, దాంతో ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టే బండి అనుకుంటుంది. రేపు ఆ కారు కొనేవాళ్లకు లేదని ఎలా తెలుస్తుంది? 2019 జూలై నుంచి మన దేశంలో తయారయ్యే కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు, ఇలా మార్పులు చేసిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే. పైగా విప్పేటప్పుడు బ్యాటరీ వైరు తీయలేదు, తీసి కొన్ని నిమిషాలు ఆగాకే ఎయిర్‌బ్యాగ్ ముట్టుకోవాలి, లేదంటే అక్కడే పేలవచ్చు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను, రోజూ రోడ్డు మీద తిరిగే బండికి ఇది వద్దు. పట్టు కావాలంటే కంపెనీ స్టీరింగ్‌కే మంచి లెదర్ కుట్టించుకోండి, మధ్యలో ఎయిర్‌బ్యాగ్ జోలికి వెళ్లకుండా. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై లాంటి రేసు ట్రాక్‌కు మాత్రమే తీసుకెళ్లే బండి అయితే స్టీరింగ్, బాస్ కిట్ ఒకే కొలతవి తీసుకుని, బిగించే ముందు మీ కళ్లెదుటే స్కేలుతో కొలిపించండి. డ్రిల్ చేతిలోకి తీసుకున్నారంటే అక్కడి నుంచి వచ్చేయండి. పాత స్టీరింగ్ ఇస్తే ధర తగ్గిస్తామంటారు, ఇవ్వకండి. నాది ఇంట్లో ఉండబట్టే మళ్లీ వేయించుకోగలిగాను.

ఇప్పటికే వేయించుకున్నవాళ్లు బండి తీసే ముందు హార్న్ బటన్ ఊడదీసి ఆరు బోల్టులూ చూడండి. ఒక్క రంధ్రం కోలగా కనిపించినా ఆ బండి నడపకండి, మెకానిక్‌నే ఇంటికి పిలిపించుకోండి.