పాత్రలు ఎక్కువైతే: తలా ఒక చాప్టరా, ఒక్కరి చూపా?

ఫ్యాన్ ఫిక్షన్, అంటే తమకి నచ్చిన సినిమాలూ నవలల్లోని పాత్రలతో సొంత కథలు, రాసేవాళ్లు నన్ను పదేపదే అడిగేది ఇదే. "ఏడెనిమిది మంది ముఖ్య పాత్రలున్నారు. ఎవరికీ అన్యాయం జరక్కుండా ఎలా రాయాలి? తలా ఒక చాప్టర్ ఇవ్వనా, ఒక్కరి పీఓవీలోనే (ఒకే పాత్ర కళ్లతోనే) నడిపించనా?" నేనూ ఈ మధ్యే పాత్రల బృందం పెద్దగా ఉన్న కథని సీరియల్‌గా రాయడం మొదలుపెట్టాను. ఏది ఎంచుకున్నానో, ఎందుకో ఇక్కడ చెప్పేస్తాను.

ముందు వంతుల పద్ధతి. మొదటి చాప్టర్ నాయకురాలిది, రెండోది వైద్యుడిది, మూడోది దొంగది, ఇలా వరసగా. ఎవరి అభిమానికి వాళ్ల చాప్టర్ దొరుకుతుంది. ఒక్కో గొంతును ఒక్కోలా పలికించడం రాసేవాళ్లకీ సరదా. బృందం మూడు దిక్కులకీ చెదిరిపోయిన కథైతే దీన్ని మించింది లేదు. ఒకచోట ఉన్న మనిషి ఇంకోచోట జరిగేది చూడలేడు కదా.

చిక్కల్లా మనం రాసేది సీరియల్ కావడంతోనే. ఏడుగురికి వంతులేసి వారానికో చాప్టర్ పెడితే, ఈ వారం కత్తిపోటు తిన్నవాడి సొంత చాప్టర్ మళ్లీ వచ్చేది ఏడు వారాలకి. అప్పటికి పాఠకుల టెన్షన్ ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది. అచ్చయిన నవలలకే ఈ తిప్పలు తప్పలేదు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' రాసిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఆ నవలల వరసలో పాత్రలు పెరిగిపోయేసరికి, 2005లో వచ్చిన నాలుగో నవలలో కొందరినే ఉంచి మిగతావాళ్లని ఐదోదానికి జరిపారు. దాంతో 2000లో మూడో నవల చదివి టిరియన్ అనే ముఖ్య పాత్ర ఏమయ్యాడోనని ఎదురుచూసినవాళ్లకి అతని చాప్టర్ మళ్లీ దొరికింది 2011లో. ఆయన పాఠకులు ఆగారు. మన పాఠకులు ఆగుతారన్న నమ్మకం నాకైతే లేదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బృందంలో ద్రోహి ఉన్నాడని బయటపడింది అనుకుందాం. వంతుల పద్ధతిలో అదే వార్తకి ఒక్కొక్కరు ఎలా కుమిలిపోయారో చాప్టర్ తర్వాత చాప్టర్ రాయాలనిపిస్తుంది. అందరికీ చోటు దొరుకుతుంది గానీ కథ ఉన్నచోటే ఉంటుంది.

ఇక ఒక్కరి చూపు. దీని మీద వచ్చే ఫిర్యాదు తెలిసిందే: మిగతావాళ్లంతా గోడకి చేరబడి నిలబడిపోతారని. సొంత పాత్రలతో రాసే నవలలో ఆ భయం నిజమే. ఫ్యాన్ ఫిక్షన్‌లో మాత్రం పాఠకుడు పాత్రలన్నిటినీ ముందే ఎరిగి వస్తాడు. నాకు అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. అదే ద్రోహి సీన్‌ని మన బృందంలోని దొంగ కళ్లతో, అతని మాటల్లోనే చూడండి:

"కబురు బయటికి చేరవేసింది మనలో ఒకరే," అంది నాయకురాలు. వైద్యుడు నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఇలాంటప్పుడు ఏదో ఒక జోకు పేల్చే కుర్రాడు బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు.

కుర్రాడికి ఇందులో ఒక్క డైలాగ్ కూడా లేదు. అయినా అతని అభిమాని ఆ లేసు దగ్గరే ఆగిపోతాడు. వాడు జోకు వేయకపోవడం ఎంత విడ్డూరమో మనం విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే ఏ పాత్రకి ఎన్ని పేజీలు వచ్చాయని నేను లెక్కపెట్టను. సీన్‌లోంచి ఆ మనిషిని తీసేస్తే ఏమన్నా తేడా వస్తుందా అని చూస్తాను. రాకపోతే అతన్ని ఏదో పని మీద బయటికి పంపేస్తాను. గుంపు సీన్ అనగానే గుంపంతా హాజరు వేయించుకోవాలని ఎక్కడా లేదు.

ఒక్కరి చూపు అంటే కథంతా ఒక్కరిదే అని కూడా కాదు. భారత యుద్ధం గుర్తుచేసుకోండి. ధృతరాష్ట్రుడికి చెప్పేవాడు సంజయుడు. పర్వాలు మాత్రం భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య అని వరసగా కౌరవ సేనాపతుల పేర్ల మీద ఉంటాయి. చెప్పే మనిషి అతనే, ముందుకొచ్చే మనిషి మారుతుంటాడు. నా సీరియల్ కూడా ఇదే దారిలో నడుస్తోంది. చూసేది దొంగ. నాలుగైదు చాప్టర్ల చొప్పున ఒక్కో భాగం ఒక్కొక్కరిది. ఆ భాగంలో కథని మలుపు తిప్పే నిర్ణయం ఆ మనిషే తీసుకోవాలి. నిర్ణయం దొరకని పాత్రకి నా దగ్గర భాగం లేదు, అభిమానులు ఎంతమంది ఉన్నా సరే.

అయితే ఆ చూపు ఎవరిదన్నది తేలిగ్గా తీసుకోకండి. నాయకుణ్ణి పెట్టుకుంటే అందరూ ఆయన ముందు ఆచితూచి మాట్లాడతారు, మనకి దొరికేది సగమే. అందరితోనూ పని పడే మనిషి కావాలి: వైద్యుడో, వంటవాడో, అందరికీ అప్పున్నవాడో. కథ రెండు చోట్ల నడుస్తుంటే ఇద్దర్ని పెట్టుకోవచ్చు. మూడో పీఓవీ దగ్గర నేను చాలాసేపు ఆలోచిస్తాను.

అన్నీ తెలిసిన కథకుడి గొంతుతో రాయొచ్చు కదా అంటారు కొందరు. బాగా చెయ్యి తిరిగినవాళ్లకి కుదురుతుంది. మిగతావాళ్ల చేతిలో ఒకే పేరాలో నలుగురి బుర్రల్లోకి దూకడం అవుతుంది. ఎవరికి వాళ్లకి విడివిడిగా, ఒకే చాప్టర్‌తో ముగిసే వన్‌షాట్లు రాయడమూ మంచి పనే, కాకపోతే అది ఈ ప్రశ్నకి జవాబు కాదు.

ఏ పద్ధతి పట్టుకున్నా ట్యాగుల దగ్గర, అంటే కథకి తగిలించే పాత్రల పేర్ల దగ్గర, జాగ్రత్త. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ లాంటి ఫ్యాన్ ఫిక్షన్ సైట్లలో పాత్ర పేరుతో ఫిల్టర్ పెట్టి కథలు వెతుక్కుంటారు. ఎక్కడో ఒక్క వాక్యంలో మెరిసి మాయమైన పాత్రని ట్యాగ్ చేస్తే, అతని కోసమే వచ్చినవాడు చివరిదాకా వెతికి విసుక్కుంటాడు. ఒక భాగమైనా అతని చేతిలో ఉంటేనే పేరు పెట్టండి. మిగతావాళ్లు ట్యాగ్ లేకుండా వచ్చిపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.