రబ్బరు బైండింగుల వాటర్ స్కీలు: కొన్నేళ్లు వాడాక

పడవ లాగుతుంటే నీళ్ల మీద జారడానికి కాళ్లకు తొడుక్కునే ఈ స్కీ పలక ఒక పట్టాన పాడవదు. ముందు పోయేది కాలు దూర్చే రబ్బరు బైండింగే. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రపు సరస్సుల్లో ఈ 67 అంగుళాల కాంబో జతను (రెండూ కలిపీ, ఒకదాన్నే ఒంటి స్కీగానూ వాడుకోగలిగేది) కొన్నేళ్లుగా ఇంటిల్లిపాదీ వాడుతున్నాం. మళ్లీ కొనాల్సి వస్తే షాపులో ముందు అడిగేది ఇదే: రబ్బరు ముక్కలు విడిగా దొరుకుతాయా?

మా వాటిలో మడమ రబ్బరు, లోహపు పట్టీ అంచు దగ్గర సన్నగా చీలింది. మామూలుగా చూస్తే తెలియదు, వేళ్లతో సాగదీస్తే తెల్లటి గీతలా బయటపడింది. ఆ ముక్క ఒక్కటే తెప్పించాను. పట్టీ స్క్రూలు విప్పి, పాతది తీసి, కొత్తదాని రంధ్రాలు సరిపెట్టి బిగిస్తే అయిపోయింది. విడిభాగాలు దొరకని రకమైతే అంత చిన్న చీలికకే బైండింగు మొత్తం మార్చాలి.

అసలు చీలేదే బలవంతంగా లాగడం వల్ల. గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు కాస్త నీళ్లలో కలిపి రాస్తే కాలు హాయిగా దూరుతుంది. వాసెలిన్, గ్రీజు మాత్రం దగ్గరికి రానివ్వకండి, వాటిలోని పెట్రోలియం రబ్బరును తినేస్తుంది. ఎండ కూడా అంతే. స్కీయింగ్ అయ్యాక డాక్ (పడవలు కట్టే చెక్క వేదిక) మీద వదిలేయకుండా నీడలో ఆరబెట్టాలి.

బైండింగు ప్లేటు స్క్రూలు కుదుపులకు వదులవుతాయి. నీళ్లలో దిగే ముందు ప్రతిసారీ చేత్తోనే బిగించి చూస్తాను. పవర్ డ్రిల్ వాడితే పలకలోని ఇన్సర్టు (స్క్రూ పట్టే మర గూడు) తిరిగిపోయి, ఆ సందులోంచి నీళ్లు లోపలికి దిగుతాయి. అంచు చిట్లినా అదే భయం. లోపలి ఫోమ్ పూర్తిగా ఆరాక వాటర్‌ప్రూఫ్ ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక ఎమెరీ పేపరుతో నున్నగా రుద్దితే పలక మళ్లీ నిక్షేపంగా పనిచేస్తుంది.

ఈ ఆట పుట్టింది ఈ రాష్ట్రంలోనే. 1922లో లేక్ పెపిన్‌లో రాల్ఫ్ శామ్యూల్సన్ చెక్క పలకలకు తోలు పట్టీలు కట్టుకుని స్కీ చేశాడు. వాటి పక్కన చూస్తే ఈ సర్దుబాటు బైండింగు ఎంత సుఖమో! ఒకే జతను పిల్లలు, పెద్దలు, వచ్చిన చుట్టాలు అందరూ వేసుకోవచ్చు. అలాంటి ఇంటికి కళ్లు మూసుకుని కొనమంటాను. ఒంటి స్కీ మీద గట్టిగా మలుపులు తిప్పేవాళ్లకు మాత్రం ఈ పట్టు చాలదు, తమ కాలి సైజుకు సరిగ్గా పట్టే బూటు తీసుకోవడమే మేలు.