ఫ్లాస్ ఫెలోషిప్‌తో ఉర్దూ నేర్చుకున్నాను: కొన్నేళ్ళు వాడాక నా సమీక్ష

అమెరికాలో చరిత్రలో పీహెచ్‌డీ చేశాను. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల భూమి శిస్తు నా అంశం. తెలుగు ఇంట్లోనే వచ్చింది, కానీ నాకు కావలసిన కాగితాలు తెలుగులో లేవు. హైదరాబాద్ రాజ్యంలో 1884 దాకా ఫారసీ, ఆ తర్వాత ఉర్దూ అధికార భాషలు. నాకు ఉర్దూ చదవడం నేర్పించింది అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫ్లాస్ (ఫారిన్ లాంగ్వేజ్ అండ్ ఏరియా స్టడీస్) ఫెలోషిప్. ఈ దారిలోకి రావాలనుకునే మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను పంపాక కంగారుపడిన అమెరికా, మరుసటి ఏడాదే దేశ రక్షణ పేరుతో ఒక విద్యా చట్టం చేసింది. విదేశీ భాషలకు డబ్బిచ్చే టైటిల్ సిక్స్ అనే భాగం అందులోదే, ఫ్లాస్ దాని కిందే వస్తుంది. గ్రాంటు యూనివర్సిటీల్లోని ప్రాంతీయ అధ్యయన కేంద్రాలకు (దక్షిణాసియా లాంటి ఒక్కో ప్రాంతం గురించి చదివే చోట్లకు) వస్తుంది, విద్యార్థులు ఆ కేంద్రానికే దరఖాస్తు పెట్టాలి. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన వాళ్ళకు రాదు.

నా రోజుల్లో పీజీ విద్యార్థికి ఏడాదికి 15,000 డాలర్ల స్టైపెండ్, ఫీజుకి 18,000 దాకా ఇచ్చేవారు. తర్వాత స్టైపెండ్ 20,000 అయింది. ఖరీదైన ఊళ్ళో దాంతో బతకడం కష్టమే. పైగా స్టైపెండ్ మీద ట్యాక్స్ ముందుగా కోయరు, మనమే పక్కన పెట్టుకోవాలి. ఈ సంగతి ముందే చెప్పేవాళ్ళు తక్కువ.

అయినా దీనికి నేను ఎక్కువ మార్కులే వేస్తాను. పాఠాలు చెప్పే పని లేకుండా రోజూ భాషా క్లాసుకి వెళ్ళే తీరిక మరే ఫండింగూ నాకివ్వలేదు. వేసవి ఫెలోషిప్‌తో లక్నోలో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ నడిపే ఉర్దూ కోర్సు చేశాను. చుక్కలు వదిలేసి, అక్షరాలు కలిపేసి రాసే షికస్తా రాత అక్కడి మాస్టారి దగ్గరే పట్టుబడింది. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో కట్ట విప్పి, ఒక ఊరి శిస్తు లెక్క ఎవరి సాయమూ లేకుండా చదివిన రోజు నాకు కళ్ళు చెమర్చాయి. "తెలుగువాళ్ళకి ఉర్దూ ఎందుకమ్మా?" అని అడిగిన మామయ్యకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి, ఆ లెక్కలో ఉన్న రైతుల పేర్లు చదివి వినిపించాను.

విదేశంలో పరిశోధనకి ఫుల్‌బ్రైట్-హేస్ అని ప్రభుత్వమే ఇచ్చే ఫెలోషిప్ వేరే ఉంది. అందులో ఒక నిబంధన నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపించింది. పరిశోధన చేసే భాష మాతృభాష అయితే, భాషా నైపుణ్యానికిచ్చే మార్కులు వచ్చేవి కావు. తెలుగు పిల్ల తెలుగు మూలాల మీద పనిచేస్తానంటే పోటీలో వెనకబడేది. దీని మీద 2022లో కోర్టు కేసు కూడా నడిచింది.

ఫ్లాస్‌లో పెద్ద లోపం, డబ్బు వస్తుందన్న నమ్మకం లేకపోవడం. గ్రాంటు నాలుగేళ్ళకోసారి ఇచ్చినా, డబ్బు మాత్రం ఏ ఏడాదికాయేడాది విడుదల కావాలి. 2025 మార్చిలో ఈ గ్రాంట్లు చూసే సిబ్బందిని విద్యాశాఖ తీసేసింది. సెప్టెంబరులో, ఆ నాలుగేళ్ళ గ్రాంటులో చివరి ఏడాది డబ్బు రాదని కేంద్రాలకు చెప్పింది. దెబ్బ విద్యార్థికే కాదు, క్లాసుకి కూడా. వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు చెప్పిన విస్కాన్సిన్ లాంటి చోట్ల, నలుగురైదుగురు చేరే చిన్న భాషల క్లాసులు ఇలాంటి డబ్బు అండతోనే నిలబడ్డాయి. మాస్టారు ఒకసారి వెళ్ళిపోతే మళ్ళీ తెచ్చుకోవడం తేలిక కాదు.

ఇప్పుడు చేరాలనుకుంటే, అడ్మిషన్‌కి ఒప్పుకునే ముందే కేంద్రానికి మెయిల్ పెట్టి రెండు విషయాలు అడగండి: ఈ ఏడాది ఫ్లాస్ డబ్బు చేతిలో ఉందా, అది ఆగిపోతే భాషా క్లాసు మాస్టారి జీతం ఎవరిస్తారు? రెండోదానికి సూటి జవాబు రాకపోతే ఇంకో యూనివర్సిటీ చూసుకోండి.