కొండచరియా, బురద వరదా: నదిని ఎక్కువగా మార్చేది ఏది?

నెల్లూరులో పెన్నా ఇసుక చూస్తూ పెరిగిన మనకి నది అంటే వానాకాలం నిండేది, ఎండాకాలం పాయలుగా చీలేది. మన వెలిగొండలు పాతవి, ఎప్పుడో అరిగిపోయాయి. హిమాలయాలు మాత్రం ఇంకా లేస్తూనే ఉన్నాయి. నది అడుగుని కోస్తూ పోతుంటే వాలు నిటారుగా తయారై ఒకరోజు కూలుతుంది.

కొండచరియ పడితే నది ఆగిపోతుంది. 2010 జనవరిలో పాకిస్తాన్‌లో అత్తాబాద్ దగ్గర హుంజా నదికి అడ్డంగా కొండ పడి, 20 కిలోమీటర్లకి పైగా సరస్సు ఏర్పడి ఊళ్లూ రోడ్డూ మునిగాయి. ఆ సరస్సు ఇప్పటికీ ఉంది. 1893లో ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్‌లో కొండ పడి బిరాహి గంగ నదిని అడ్డుకోవడంతో ఏర్పడిన గోహ్నా సరస్సు మాత్రం మరుసటి ఏడాది ఆగస్టులో తెగింది, కాకపోతే ముందే కనిపెట్టి కింద ఊళ్లని ఖాళీ చేయించారు. మిగిలిన సరస్సు 1970 వరదలో పోయింది. అడ్డుకట్ట ఉన్నన్నాళ్లూ దాని వెనక మట్టి పేరుకుని లోయ చదునవుతుంది.

బురద వరద అలా ఆగదు, నీళ్లూ మట్టీ బండలూ కలిసి తడి కాంక్రీటులా దూసుకొస్తాయి. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోనే చమోలీలో సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయీ మంచూ కూలి అలాంటి బురద వరదగా మారింది, 200 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. పక్కవాగు నుంచి వస్తే దాని మేట పెద్ద నదిని అవతలి ఒడ్డుకి నెట్టేస్తుంది.

నా లెక్కలో లోయ రూపాన్ని ఎక్కువకాలం మార్చేది కొండచరియే. భయపడాల్సింది మాత్రం బురద వరదకే, గోహ్నాలో దొరికినట్టు దానికి ఏడాది గడువు దొరకదు.