పై అర, కింది అర: రాజమహేంద్రవరంలో ఒక పాత పుస్తకాల దుకాణం

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు కొద్ది దూరంలో పాత పుస్తకాలు అమ్మే దుకాణం ఒకటి ఉంది. మెప్పుతోపాటు ఫిర్యాదు కూడా రాయవలసి వస్తోంది కనుక దాని పేరు ఇక్కడ చెప్పడం లేదు. రెండు గదులు, నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు, అందని పుస్తకం కోసం ఒక ఇనుప స్టూలు. వెల ప్రతి పుస్తకం మొదటి పేజీలో పెన్సిలుతో వేసి ఉంటుంది. బేరమాడితే కొంత తగ్గిస్తారు, ఆడకపోయినా నాలుగైదు పుస్తకాలు తీసుకున్నవారికి అడక్కుండానే తగ్గిస్తారు. డెల్టాలో పాత కాగితానికి చెమ్మను మించిన శత్రువు లేదు. వేపాకు, కలరా ఉండలు వేసి, వర్షాకాలంలో మధ్యమధ్య ఎండ కాసినప్పుడల్లా పుస్తకాలు బయట పరిచి, ఈ యజమాని వాటిని కాపాడుతున్న తీరు మెచ్చుకోదగినది.

తెలుగు సాహిత్యంలో కులం, ఆస్తి, అధికారం ఎవరి కళ్ళకు ఎలా కనబడ్డాయో తెలుసుకోదలచినవారికి ఇంతకంటే అనువైన చోటు ఈ ప్రాంతంలో నాకు కనబడలేదు. గ్రంథాలయంలో ఒక్కో పుస్తకం అడిగి తెప్పించుకోవాలి. ఇక్కడ నూరేళ్ళకు పైబడిన కాలంలో వచ్చిన రచనలు చేయి చాచినంత మేరలో పక్కపక్కన దొరుకుతాయి. 1880లో పుస్తకంగా వచ్చిన కందుకూరి వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’ ధవళేశ్వరంలో మొదలవుతుంది. కలిగినవాడి ఇంట్లో చేరిన భట్రాజులు, కలిమి పోగానే మాయమయ్యే చుట్టాలు, బంగారం చేస్తానని మోసగించే గోసాయి, వీళ్ళందరినీ చూపించిన ఆ నవల డబ్బుకూ మర్యాదకూ ఉన్న లంకెను నిర్మొహమాటంగా బయటపెట్టింది. అయితే ఆ కష్టాలన్నీ ఒకప్పుడు కలిగి ఉండి పోగొట్టుకున్నవాడివి. అవే కష్టాలు పుట్టుక నుంచీ అనుభవించేవాడికి ఎలా ఉంటాయన్న ప్రశ్న ఆ నవలకు తట్టలేదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘వడ్లగింజలు’ కథలో పెద్దాపురం ప్రభువు ఎదుట చదరంగం ఆడిన పేద బ్రాహ్మణ యువకుడు గడి గడికీ రెట్టింపు చొప్పున వడ్లగింజలు కోరుకుంటాడు. అధికారానికి లెక్క రాదని ఇంత చమత్కారంగా చెప్పిన కథ మరొకటి నేను చదవలేదు. ఈ రెండూ చక్కని ప్రతులే దొరికాయి.

నేను కొన్న ‘మాలపల్లి’ ప్రతి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అట్ట పోయి, వేరే దళసరి కాగితంతో బైండు చేయించినది. లోపల ఏదో పల్లెటూరి గ్రంథాలయం ఊదారంగు ముద్ర సగం చెరిగి ఉంది, వెనుక తిరిగి ఇవ్వవలసిన తేదీల చీటీ అలాగే అంటుకుని ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైలులో రాసిన ఈ నవల 1922లో వెలువడింది, మద్రాసు ప్రభుత్వం దీన్ని నిషేధించింది. కూలీల పక్షాన నిలిచిన సంగదాసును చౌదరయ్య చంపే ఘట్టం దగ్గర ఎవరో పాత పాఠకుడు పెన్సిలుతో గీత గీసి, పక్కన ‘మా ఊళ్ళోనూ ఇంతే’ అని రాశాడు. అక్షరాలు కుదురుగా లేవు, కొత్తగా చదువు నేర్చిన చేతి రాతలా ఉన్నాయి. పెన్సిలు గీతలున్నాయని వెల తగ్గించి ఇచ్చారు. నన్నడిగితే ఆ మూడు మాటలకే అదనంగా ఇవ్వవచ్చు.

ఇక ఫిర్యాదు. గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఎదురుగా, కంటి ఎత్తులో, ‘మన గోదావరి రచయితలు’ అని చీటీ అంటించిన అర ఉంటుంది. కందుకూరి, చిలకమర్తి, శ్రీపాద, ‘గాలివాన’ కథతో 1952లో అంతర్జాతీయ పోటీలో బహుమతి తెచ్చిన పాలగుమ్మి పద్మరాజు, అందరూ అక్కడ కొలువుతీరి ఉన్నారు. కోనసీమలోని మామిడికుదురులో పుట్టి, ‘గుడిసెలు కాలిపోతున్నాయ్’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న బోయి భీమన్న మాత్రం ఆ అరలో లేరు. ఆయన పుస్తకాలు లోపలి గదిలో, అన్నిటికన్నా కింది అరలో, ‘దళిత, ఉద్యమ సాహిత్యం’ అన్న చీటీ వెనుక ఉన్నాయి. మాలల జీవితం మీద ఉన్నవ వారు రాసిన నవల పై అరలో ఉంది. మాలపల్లెలో పుట్టినవాడు రాసిన పుస్తకాలు నేలను ఆనుకుని ఉన్నాయి. జాషువా గారి ‘గబ్బిలం’ పద్యకావ్యం కనుక పై అరలోనే, పద్యాల వరుసలో చోటు సంపాదించుకుంది. గుడిలోకి అడుగుపెట్టే హక్కు లేని మనిషి, ఆ గుడిలో వేలాడే గబ్బిలం చేత శివుడికి తన మొర పంపుకున్న కావ్యమది. అరల విషయంలోనూ ఛందస్సే దానికి దారి ఇచ్చినట్టుంది.

కారణం అడిగితే యజమాని ఏమీ నొచ్చుకోకుండా, “ఆయ్, అవి అడిగేవాళ్ళు వేరండి, నేరుగా లోపలికే వెళ్తారు” అన్నారు. ఆయనలో ద్వేషం ఏ కోశానా లేదు. భీమన్న గారి ‘పాలేరు’ నాటకం కోసం స్టూలు పక్కకు జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని, దుమ్ము దులిపి తీసి ఇచ్చింది ఆయనే. అయినా ఆ సమాధానం నాకు మింగుడు పడలేదు. పుస్తకం రాసినవాడి కులాన్ని బట్టి చదివేవాడి కులాన్ని కూడా ముందే నిర్ణయించే ఏర్పాటు అది, పైగా దానికి వ్యాపార సౌకర్యమన్న పేరు. నాబోటి కొనుగోలుదారులు పై అర దగ్గరే ఆగి, డబ్బు చెల్లించి వెళ్ళిపోతూ వచ్చారు కనుక ఆ ఏర్పాటులో మాకూ వాటా ఉంది.

బల్ల మీద, డబ్బు తీసుకునే చోట, కాటన్ దొర జీవితచరిత్రలు నాలుగైదు రకాలు ఎప్పుడూ పేర్చి ఉంటాయి, బాగా అమ్ముడవుతాయట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల మాగాణి అయిన మాట నిజమే, ఆయనకు ఇంటింటా దండం పెట్టడంలో తప్పూ లేదు. కానీ ఆ నీళ్ళు పారిన పొలంలో ఎవరు యజమానిగా గట్టు మీద నిలబడ్డారు, ఎవరు బురదలో వంగారు అన్నది ఆ జీవితచరిత్రల్లో వెతికితే దొరకదు. అది ‘పాలేరు’లో దొరుకుతుంది. పశువుల వెంట తిరిగే పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి కావడం ఆ నాటకంలో కథ. డెల్టా ఊళ్ళలో దాన్ని ఆడిన రోజుల్లో, ముందు వరుసలో కుర్చీలు వేసుకున్నవారికీ వెనుక నేల మీద కూర్చున్నవారికీ అది ఒకే నాటకంగా కనబడి ఉండదు. కాటన్ పుస్తకం పక్కన ఈ నాటకాన్ని పెట్టి అమ్మితే రెండూ చదివినవారికి డెల్టా పూర్తిగా కనబడుతుంది.

ఇటువంటి జంట మరొకటి ఉంది. గరిమెళ్ళ సత్యనారాయణ గారి ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాట ఉన్న సంపుటాలు దుకాణంలో కావలసినన్ని ఉన్నాయి. దానికి దీటుగా, ఆ రోజుల్లోనే, ఈ రాజమహేంద్రవరంలోనే దళిత కవి కుసుమ ధర్మన్న రాసిన ‘మాకొద్దీ నల్లదొరతనము’ అచ్చు ప్రతి లేదు. అడిగితే పిన్ను కొట్టిన జిరాక్సు కాగితాలు తీసి చూపించారు. దొర పోయినా దొరతనం పోదని ఇంటిలోపలి నుంచి హెచ్చరించిన పాట, పుట్టిన ఊళ్ళోనే జిరాక్సు మీద బతుకుతోంది. ఈ లోపం దుకాణానిది కాదు, మళ్ళీ మళ్ళీ అచ్చు వేయడానికి ఎవరి రచనలను ఎంచుకుంటూ వచ్చారో ఆ ప్రచురణకర్తలది. 1985 నాటి కారంచేడు, 1991 నాటి చుండూరు దళితుల మారణకాండల తరువాత వెల్లువెత్తిన దళిత కవిత్వం గతీ అంతే. ‘చిక్కనవుతున్న పాట’ వంటి సంకలనాలు అరుదైపోయి, ఉన్న ఒకటీ అరా ప్రతుల వెల బాగా పెరిగింది. నేలను ఆనుకున్న అర కనుక వాటి అంచులకు చెమ్మ మరకలు కూడా పడ్డాయి. ఈ ఒక్క కారణానికైనా వాటిని పైకి మార్చమని యజమానికి చెప్పాను. చూద్దామన్నారు.

వెళ్ళదలచినవారు ఉదయం పూట వెళ్ళడం మంచిది. మధ్యాహ్నం భోజనానికి తలుపు వేస్తే ఎప్పుడు తీస్తారో చెప్పలేం, సాయంత్రం పరీక్షల గైడ్ల కోసం వచ్చే పిల్లలతో లోపలి గదికి దారి ఉండదు. పాత పత్రికల బైండ్లలో పేజీలు సరిచూసుకునే తీసుకోవాలి. కావలసిన పుస్తకం పేరు చెప్పి వస్తే, దొరికినప్పుడు ఫోటో పంపి, ఫోన్‌పేలో డబ్బు అందాక పార్సిల్ చేస్తారు. నాకు వచ్చినవి అట్ట నలగకుండా వచ్చాయి. కింది అరలోని పుస్తకాలు మాత్రం ఫోన్‌లో అడిగితే చాలాసార్లు లేవనే సమాధానం వస్తుంది. అవి స్వయంగా వెళ్ళి, స్టూలు జరిపి చూసుకోవలసిందే.