పాదువా నుంచి రోము దాకా: ఇటలీ పునీతుల పట్టణాల బృంద యాత్రపై నా సమీక్ష

2025 అక్టోబరులో, కతోలికుల పవిత్ర సంవత్సరమైన జూబిలీ నడుస్తుండగా, పాదువా, సియెనా, అస్సీసీ, కాష్యా, లంచానో, సాన్ జొవాన్ని రొతొందో పట్టణాల మీదుగా రోము చేరే పది రాత్రుల కతోలిక బృంద యాత్రకు నేనూ మా ఆవిడా వెళ్ళి వచ్చాము. బృందంలో మాతో కలిపి 36 మందిమి, అందరమూ తెలుగువాళ్ళమే. ఆధ్యాత్మిక మార్గదర్శిగా ఒక ఫాదర్‌గారు, సంస్థ తరఫున ఒక మేనేజరు, పట్టణానికొక స్థానిక గైడు ఉన్నారు. విమాన టికెట్టు, వీసా కాక మనిషికి 2,150 యూరోలు కట్టాము. షెంజెన్ వీసాకు పెద్దలకు 90 యూరోల రుసుము వేరు. ఈ డబ్బుకు మాకు ఏమి దక్కింది, ఏది దక్కకుండా పోయింది అన్నది, ఇలాంటి యాత్రకు పేరు ఇవ్వాలనుకునే కుటుంబాలకు పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఈ దారిలో యాత్రలు నడిపేవారు ఎవరైనా, వారిని అడగవలసిన ప్రశ్నలు మాత్రం ఇవే.

ముందుగా మెచ్చుకోవలసినదాన్ని మెచ్చుకుంటాను. బసలు నిర్ణయించిన వారెవరో గాని, యాత్రికుల మనసు తెలిసినవారు. పాదువాలో రెండు రాత్రులు, అస్సీసీలో మూడు, సాన్ జొవాన్ని రొతొందోలో రెండు, రోములో మూడు. రోములోనే అన్ని రాత్రులూ ఉంచి, తెల్లవారగానే బస్సెక్కించి అస్సీసీని నాలుగు గంటల్లో చూపించి రాత్రికి వెనక్కి తెచ్చే యాత్రలు కూడా ఉన్నాయి. వాటి ధర తక్కువగానే కనిపిస్తుంది, కాని పునీతుల పట్టణం పగటి రద్దీ తగ్గాకనే మనకు దొరుకుతుందని నేను ఈ పది రోజుల్లో ప్రత్యక్షంగా చూశాను.

పాదువాలో మాకు మంగళవారం కలిసివచ్చింది. పునీత అంతోనివారు 1231 జూన్ 13న కన్నుమూశారు. ఆయనను సమాధి చేసినది మంగళవారం కావడంతో ఆ వారమే ఆయన భక్తులకు ప్రత్యేకమైంది. మరణించి ఏడాది తిరగకముందే, 1232 మే 30న, ఆయనకు పునీత పట్టం లభించింది. లిస్బన్‌లో పుట్టిన ఈ గురువును పాదువా ప్రజలు ఎంతగా సొంతం చేసుకున్నారంటే, ఆయన పేరు కూడా పలకకుండా ఆ మహాదేవాలయాన్ని ‘ఇల్ సాంతో’, అంటే ‘ఆ పునీతుడు’ అని మాత్రమే పిలుస్తారు. సమాధి మీద బలిపీఠం ఉంది, వరుసలో నడుస్తూ దాని వెనకవైపుకు వెళ్ళాలి. అక్కడ సమాధి రాతిపలకను అందరూ అరచేతితో తాకి, కళ్ళు మూసుకుని, ఒక్క నిమిషం నిలబడతారు. ఏళ్ళ తరబడి అరచేతులు తగిలి ఆ రాయి నునుపు తేలింది. మా ముందున్న పెద్దావిడ సంచిలోంచి మనవరాలి ఫోటో తీసి, రాతికి ఆనించి, దాని మీద తన చెయ్యి పెట్టింది. వెనక ఉన్నవారెవరూ ఆమెను తొందరపెట్టలేదు. ఆ తరువాత అవశేషాల గదిలో, 1263లో సమాధి తెరిచినప్పుడు చెడకుండా కనిపించిన ఆయన నాలుకను భద్రపరచిన పాత్రను చూశాము. సమాధి తెరిచిన ఆ రోజు అక్కడ ఉన్న, అప్పటి ఫ్రాన్సిస్కన్ సభ పెద్ద పునీత బొనవెంతూర గురించి, సువార్త ప్రకటించిన నాలుక గురించి ఫాదర్‌గారు అక్కడే నిలబడి అయిదు నిమిషాలు చెప్పిన మాటలు, ఏ గైడూ చెప్పలేనివి. సాయంత్రం అదే ఊళ్ళోని పునీత లియోపోల్దు మాందిచ్ వారు భక్తుల పాపాల ఒప్పుకోలు విన్న పాపసంకీర్తనపు గదికి కూడా తీసుకువెళ్ళారు. 1944లో బాంబుదాడిలో మఠం, గుడి కూలినా ఆ చిన్న గది నిలిచింది. చాలా యాత్రలు పాదువాలో ఈ చోటును వదిలేస్తాయి. దీన్ని చేర్చినందుకు సంస్థకు నా ధన్యవాదాలు.

ఇక సియెనా. ఈ యాత్రలో నన్ను బాధపెట్టిన భాగం ఇదే కాబట్టి దాచకుండా రాస్తున్నాను. పాదువా నుంచి సియెనా బస్సులో సుమారు 290 కిలోమీటర్లు. యూరపు నిబంధనల ప్రకారం డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే ఆ లోపు మొత్తం 45 నిమిషాల విరామం తీసుకోవాలి. ఇది యాత్రికుల ప్రాణరక్షణకు పెట్టిన నియమం, దాన్ని నేను తప్పుపట్టను. కాని ఈ విరామాన్నీ, ఊరి గోడల బయట బస్సు దిగి లోపలికి నడిచే సమయాన్నీ కార్యక్రమ పట్టికలో ఎక్కడా లెక్కవేయలేదు. చారిత్రక పట్టణాల నడిబొడ్డున వాహనాలపై ఆంక్షలు ఉంటాయి. అనుమతి లేని బస్సు లోపలికి వెళ్ళలేదు. మేము సాన్ దొమేనికో దేవాలయానికి చేరేసరికే పదకొండు దాటింది. అక్కడ సియెనాపురి పునీత కతేరీనమ్మ శిరస్సును చూసి ప్రార్థించుకున్నాము. 1380లో ముప్పై మూడేళ్ళ వయసులో రోములో మరణించిన ఆమె శిరస్సు మాత్రం సొంత ఊరికి చేరింది. అద్దకం పని చేసుకునే ఇంట్లో పుట్టిన ఆమె, తిరుసభ (కతోలిక సంఘం) పీఠాన్ని తిరిగి రోముకు చేర్చమని ఫ్రాన్సులోని అవిఞోన్‌లో ఉన్న పోపుగారిని ప్రాధేయపడిన ఆమె, 1970లో తిరుసభ పండితురాలుగా ప్రకటితమైన ఆమె, నా శ్రీమతికి చిన్నప్పటినుంచీ ఇష్టమైన పునీతురాలు.

అక్కడినుంచి ఊరి అవతలి వైపున్న సాన్ ఫ్రాంచెస్కో దేవాలయానికి ఎత్తుపల్లాల వీధుల్లో నడవాలి. 1730లో దొంగలు ఎత్తుకుపోయి, మూడు రోజుల తరువాత మరో గుడి కానుకల పెట్టెలో దొరికిన దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ప్రతిష్ఠించిన అప్పాలు, అక్కడ ఉంది. వాటిలో 223 అప్పాలు నేటికీ చెడకుండా ఉన్నాయి. మాలో అయిదుగురు డెబ్బై దాటినవారు; వారిని వదిలి ముందుకు పోలేక అందరమూ మెల్లగా నడిచాము. చేరేసరికి తలుపు మూసి ఉంది. ఇటలీలో చాలా దేవాలయాలు మధ్యాహ్నం కొన్ని గంటలపాటు మూసివేస్తారు, ఇది కొత్త విషయమేమీ కాదు. మళ్ళీ తెరిచేవరకు ఆగుదామని మేనేజరును అడిగితే, ఆ రాత్రి అస్సీసీలో భోజన సమయం దాటిపోతుందన్నారు. రాత్రి భోజనం కోసం దివ్యసత్ప్రసాద దర్శనం వదులుకున్నాము. మూసిన తలుపు ముందే మెట్ల మీద నిలబడి ఫాదర్‌గారు జపమాల మొదలుపెట్టారు. మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తరువాత ఈ విషయం సంస్థకు రాస్తే, ‘దేవాలయాల వేళలు మా చేతిలో ఉండవు’ అని జవాబు వచ్చింది. వేళలు వారి చేతిలో లేకపోవచ్చు. ఆ వేళలను బట్టి బస్సు బయలుదేరే సమయం నిర్ణయించడం మాత్రం వారి చేతిలోనే ఉంది.

అస్సీసీ చేరాక ఆ బరువు కొంత తగ్గింది. మా బస కొండమీద, పట్టణం లోపలే, మఠకన్యలు నడిపే అతిథిగృహంలో. గదులు చిన్నవి, మంచాలు ఇరుకు, రాత్రి వేళకు గేటు మూస్తారు. అయినా నాకు యాత్ర మొత్తంలో అత్యుత్తమ బస ఇదే. సాయంత్రానికి పగటి బస్సులు దిగిపోయాక సుబాసియో కొండ గులాబీ రంగు రాయితో కట్టిన ఆ వీధులు ఒక్కసారిగా నెమ్మదిస్తాయి. మరునాడు తెల్లవారుజామున పునీత ఫ్రాన్సిస్ వారి మహాదేవాలయపు దిగువ గుడిలోకి, అక్కడినుంచి భూగృహంలోని ఆయన సమాధి దగ్గరకు దిగాము. 1226లో మరణించిన ఆయనకు 1228లోనే పునీత పట్టం ఇచ్చారు. 1230లో ఆయన దేహాన్ని ఈ గుడికి తెచ్చి, ఎవరూ ఎత్తుకుపోకుండా బలిపీఠం అడుగున రాతిలో దాచేశారు. ఆ చోటు ఎంత గుట్టుగా ఉండిపోయిందంటే, 1818లో 52 రాత్రులు తవ్వితే గాని శవపేటిక బయటపడలేదు. ఇనుప కమ్మీల వెనక ఆ రాతి పేటిక ఇప్పుడు కనిపిస్తుంది; చుట్టూ నాలుగు మూలలా ఆయన సహచరులు నలుగురి సమాధులు. ఎదురుగా దీపం వెలుగుతుంది. దాని నూనెను ఏటా ఆయన పండుగైన అక్టోబరు 4న ఇటలీలోని ఒక్కో ప్రాంతం వంతులవారీగా తెచ్చి సమర్పిస్తుంది. మేము వెళ్ళినది ఆ పండుగ తరువాతి వారమే. ఫోటోలు తీయనివ్వరు, బిగ్గరగా మాట్లాడనివ్వరు. ఆ నియమం వల్లనే ముప్పై ఆరుగురం ఇరవై నిమిషాలు ఒక్క ఫోను బయటకు తీయకుండా మోకరించగలిగాము. పైనున్న చిన్న ఆలయంలో తెలుగులో దివ్యబలిపూజ జరిగింది. ఆ రాళ్ళ మధ్య ‘పరలోకమందున్న మా తండ్రీ’ మన భాషలో వినిపించినప్పుడు కలిగిన ఆనందం కోసమే తెలుగు ఫాదర్‌గారు ఉన్న యాత్రను ఎంచుకోమని గట్టిగా చెబుతాను.

ఫ్రాన్సిస్‌వారి శిష్యురాలు పునీత క్లారమ్మ దేవాలయంలో, ఒకప్పుడు సాన్ దమియానో గుడిలో ఆయనతో మాట్లాడిన సిలువను చూశాము. కొండ కింద మైదానంలోని దేవదూతల మరియమాత మహాదేవాలయం లోపల, గుడిలో గుడిలా నిలిచిన పొర్సియుంకొలా అనే చిన్న ఆలయం ఉంది. ఫ్రాన్సిస్‌వారు చివరి శ్వాస విడిచినది దాని పక్కనే. మా యాత్రలోని యువకులు మాత్రం 2025 సెప్టెంబరు 7న పునీత పట్టం పొందిన కార్లో అకూతిస్ సమాధి దగ్గరే ఎక్కువసేపు ఉన్నారు. 2006లో పదిహేనేళ్ళకు చనిపోయిన ఆ అబ్బాయి, అద్దం వెనక జీన్సు ప్యాంటుతో, బూట్లతో కనిపిస్తాడు. అతని పండుగ అక్టోబరు 12 దగ్గరపడుతుండడంతో వరుస చాలా పొడవుగా ఉంది. స్థానిక గైడు ముందే ఊహించి మమ్మల్ని పొద్దున్నే తీసుకువెళ్ళారు. సియెనాలో కొరవడినది సరిగ్గా ఈ ముందుచూపే.

అస్సీసీ నుంచి కాష్యాకు ఒక పగటి ప్రయాణం. దారి అంతా కొండ మలుపులే, వాంతులయ్యేవారు మాత్ర వేసుకోవాలి. హత్యకు గురైన భర్తకు, తరువాత బిడ్డలకు తర్పణంగా కన్నీళ్ళు కార్చి, పగ వద్దని ఊరి కుటుంబాలను రాజీ చేసి, ఆపైన మఠంలో చేరిన పునీత రీతమ్మ దేహం అక్కడ గాజుపేటికలో ఉంది. నుదుటి మీద ముల్లు గాయాన్ని ఆమె పదిహేనేళ్ళు భరించింది. మా బృందంలో భర్తను కోల్పోయిన ఒక సోదరి, ఆ పేటిక ముందున్న కమ్మీల దగ్గర నిలబడి తన వేలి ఉంగరాన్ని తిప్పుతూ ఉండిపోయింది. బస్సుకు వేళయిందని మేనేజరు పిలవబోతే ఫాదర్‌గారు చేతితో ఆపారు.

లంచానోలో గంటన్నర సరిపోయింది. ఎనిమిదో శతాబ్దంలో సందేహించిన గురువు చేతుల్లో అప్పం మాంసంగా, ద్రాక్షారసం రక్తంగా మారిన అద్భుతాన్ని బలిపీఠం వెనక మెట్లెక్కి దగ్గరగా చూడనిస్తారు. సాన్ జొవాన్ని రొతొందోలో 1918 సెప్టెంబరు 20న కపుచిన్ గురువు పునీత పాద్రే పియోవారు పంచగాయాలు (క్రీస్తు సిలువ గాయాల వంటివి) పొందిన పాత గుడి, ఆయన ఉన్న గది నన్ను కదిలించాయి. 2004లో ప్రతిష్ఠించిన, వాస్తుశిల్పి రెంజో పియానో రూపొందించిన పెద్ద దేవాలయం విశాలంగా ఉంది కాని, నా మనసు పాత గుడిలోనే ఉండిపోయింది. పాద్రే పియోవారు 1956లో తెరిపించిన ఆసుపత్రి నేటికీ పక్కనే పనిచేస్తోంది. ఆ రాత్రి ఫాదర్‌గారు హోటలు హాలులో పాపసంకీర్తనలు వినడానికి కూర్చుంటే, దాదాపు అందరమూ వరుసలో నిలబడ్డాము.

వసతుల గురించి క్లుప్తంగా చెబుతాను. బస్సు శుభ్రంగా ఉంది, డ్రైవరు నెమ్మదస్తుడు. చెవికి పెట్టుకునే ఆడియో పరికరాలు బాగా పనిచేశాయి. రాత్రి భోజనం రోజూ పాస్తాతో మొదలయ్యేది. కారం లేకపోయినా కడుపు నిండేది. పర్యాటక పన్ను మాత్రం ప్యాకేజీలో కలపలేదు, హోటళ్ళలో మనిషికి, రాత్రికి చొప్పున అక్కడికక్కడే కట్టాము. ఇది ముందే చెప్పి ఉండవలసింది. మోకాళ్ళ నొప్పులున్నవారు వాలు వీధుల్లో రోజుకు గంటల తరబడి నడవగలరో లేదో చూసుకోవాలి. భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు తప్పనిసరి. పూజ చేసే గురువులు తమ మేత్రాణుల (బిషపుల) అనుమతి పత్రం వెంట ఉంచుకోవాలి. మా ఫాదర్‌గారిని రెండు చోట్ల అడిగారు.

రోములో జూబిలీ జనసందోహం మధ్య పేతురుగారి మహాదేవాలయంలో జూబిలీకి తెరిచే పవిత్ర ద్వారం దాటాము, బుధవారం పదునాలుగో లియో పోపుగారి దర్శనమూ దొరికింది. దీనికి ప్రవేశ పత్రం వాటికన్ ఉచితంగా ఇస్తుంది. మా సంస్థ దాన్ని ప్యాకేజీలో ‘ప్రత్యేక సదుపాయం’గా రాసుకుంది. ఎవరైనా దానికి విడిగా డబ్బు అడిగితే కట్టకండి.

చివరి సాయంత్రం, కార్యక్రమంలో లేకపోయినా, సియెనా సంగతి విన్న రోము గైడు మమ్మల్ని పాంథియన్ వెనకనున్న సాంతా మరియా సోప్ర మినెర్వా దేవాలయానికి నడిపించారు. అక్కడ ప్రధాన బలిపీఠం అడుగున కతేరీనమ్మ దేహం ఉంది. శిరస్సును సియెనాలో చూసిన మా ఆవిడ, ఇక్కడ మోకరించి చాలాసేపు లేవలేదు. ఆ అరగంటకు గైడు మా దగ్గర ఏమీ తీసుకోలేదు.

మొత్తం మీద అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ సియెనాకే. ఈ యాత్రకు పేరు ఇచ్చేవారు డబ్బు కట్టేముందు, ప్రతి పట్టణంలో ఏ గుడికి ఎన్ని గంటలకు చేరతారో, ఆ గుడి ఏ వేళల్లో తెరిచి ఉంటుందో, బస్సు ఆగే చోటు నుంచి ఎంత దూరం నడవాలో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. మేమిద్దరం మళ్ళీ వెళ్ళాలనే అనుకుంటున్నాము. సియెనాలో ఒక రాత్రి బస కలిపితే, అందుకోసం రోములో ఒక రాత్రి తగ్గించినా మాకు సమ్మతమేనని సంస్థకు ఇప్పటికే రాశాను.