కుక్కతో నడకకి ఆర్కే బీచా, భీమిలా?

"ఓడలూ కనపడాలి, పిట్టలూ కనపడాలి, కుక్కనీ తిప్పాలి. ఎక్కడికెళ్లమంటారు?" ఈ చలికాలంలో ఇది ఎంతమంది అడిగారో లెక్కలేదు. రెండేళ్లుగా మా కుక్క చిట్టితో విశాఖ ఆర్కే బీచ్‌లోనూ, భీమిలిలోనూ తిరుగుతున్నాను కాబట్టి నాకు తోచింది చెప్తాను.

ఓడలకైతే వాదనే లేదు, ఆర్కే బీచే. పోర్టులో బెర్తు దొరికేదాకా లంగరేసుకున్న ఓడలు కాళీ గుడి దగ్గర కూర్చుంటే వరసగా కనిపిస్తాయి. అడుగు ఎరుపు బాగా పైకి తేలితే ఖాళీ ఓడ, ఎరుపు మునిగితే సరుకున్నది. ఏదైనా కదిలి డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు తిరిగిందంటే లోపలికి వెళ్తోందన్నమాట. కాకపోతే పొద్దున్న సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు, ఓడలన్నీ నల్లబొమ్మలే. రంగులు కావాలంటే సాయంత్రం వెళ్లాలి. సాయంత్రమేమో జనం, గుర్రాలు, మొక్కజొన్న పొత్తులు. కుక్కతో అయ్యే పని కాదు.

పొద్దున్న బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు కదా, హాయిగా నడవొచ్చు అంటారు. నడవొచ్చు, వీధికుక్కలు ఊరుకుంటే. నా మటుకు నాకు చోటు తేల్చేది ఇదొక్కటే. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరొక గుంపు, కాస్త ముందుకెళ్తే ఇంకోటి. ఒక గుంపుతో వారం తంటాలుపడి స్నేహం చేసుకుంటే పక్క గుంపు దగ్గర మళ్లీ మొదటికే. చిట్టి నాటుకుక్కే అయినా కనికరం లేదు. ఇక ఓడ ఎక్కడ చూస్తాం? చూపంతా వెనకే.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గరా కుక్కలున్నాయి. కానీ ఇసుక వెడల్పు, అవి దూరాన్నుంచే కనిపిస్తాయి, పక్కకి తప్పుకోవచ్చు. ఆ మాత్రం చాలు. చలికాలంలో అక్కడికి గోధుమతల సీగల్స్ వలస వస్తాయి. పేరే గోధుమతల, చలికాలమంతా తల తెల్లగా, కంటి వెనక నల్లమచ్చతో ఉంటుంది. వెళ్లిపోయే రోజులకి రంగెక్కుతుంది. అల వెనక్కి తగ్గగానే ఉల్లంకి పిట్టలు పరిగెత్తి పురుగులు ఏరుకుంటాయి. ఇక్కడ కుక్క తాడు వదలకండి. ఒక్క ఉరుకుకి గుంపంతా లేచిపోతుంది, వాటి తిండీ విశ్రాంతీ పోతాయి. పైగా చలికాలం చివర్లో తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి, కుక్క తవ్విందంటే అంతే.

ఎండుచేపల సంగతి కూడా చెప్పాలి. మొదటిసారి వెళ్లినప్పుడు చిట్టి ఆరబెట్టిన చేపల మీద పడి దొర్లింది. "ఏటి బాబూ, కుక్కని పట్టుకోవా?" అని ఒక పెద్దావిడ అరిచింది. డబ్బులిస్తానంటే తీసుకోలేదు, తిట్లు మాత్రం పూర్తిగా ఇచ్చింది. ఓడలంటారా, భీమిలి నుంచి ఎప్పుడైనా చుక్కలా ఒకటి.

రుషికొండ వద్దు. బ్లూ ఫ్లాగ్ బీచ్ అది, అంటే శుభ్రతకీ భద్రతకీ అంతర్జాతీయ గుర్తింపు ఉన్నది, ఆ నిబంధనల్లోనే కుక్కల మీద కట్టడి ఉంది. యారాడ బీచ్ అందమే గానీ ఆ ఘాట్ రోడ్డు మలుపుల్లో చిట్టి కారులో కక్కుకుంటుంది.

అందుకే ఆదివారం తెల్లారకుండానే ఇద్దరం భీమిలి. ఓడల మీద మనసైన సాయంత్రం ఒక్కణ్నే ఆర్కే బీచ్‌కి వెళ్తాను. తిరిగొచ్చాక చిట్టి నా చెప్పుల ఇసుక వాసన చూసి, అటు తిరిగి పడుకుంటుంది.